కురుగోడు కాలువ గట్టు మీద నా పటానికి పేరు వెతికిన రాత్రి

బళ్లారిలో మేం పదిమందిమి నెలకోసారి ఒకచోట చేరి బొమ్మలు గీసుకుంటాం. అందరం ఉద్యోగాలవాళ్లమే. మాలో పెద్దాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆయన ఈసారి ఒక పని పెట్టారు. ఎవరికివారు తమకు ముఖ్యమైన ఒక నడకను పటంగా గీయాలి, మార్చిలో చిన్న ప్రదర్శన పెడదాం అన్నారు. పటం సంగతి తర్వాత, ముందు పేర్లు చెప్పండి, ఆహ్వానపత్రంలో అచ్చు వేయించాలి అని కూడా అన్నారు. బండ్రి నుంచి వచ్చే టీచరమ్మ ఇనుప గనుల దోణిమలై కాలనీలో తన సాయంత్రపు నడకకు “ఎర్రదుమ్ము” అని అప్పటికప్పుడు పేరు చెప్పేసింది. నా వంతు వచ్చింది. “కురుగోడు నుంచి మా క్యాంపు దాకా, కాలువ గట్టు మీద, రాత్రిపూట,” అన్నాను. మాస్టారు కాసేపు కళ్లు మూసుకుని, “వెన్నెల గట్టు! ఎంత బాగుందో చూడమ్మా,” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను గీయాలనుకున్న ఆ రాత్రి వెన్నెల లేదు.

మా తాతలది కృష్ణాజిల్లా. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో ఇక్కడ భూములు కొనుక్కుని వరి వేశారు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఈ ప్రాంతంలో క్యాంపులంటారు. మాది తొమ్మిదో తూము క్యాంపు. కురుగోడు దాటాక పిల్లకాలువ మీద తొమ్మిదో తూము దగ్గర ఉంటుంది కాబట్టి ఆ పేరు. పదిహేడేళ్లప్పుడు నేను రోజూ బళ్లారికి బస్సులో వెళ్లి ఇంటర్, అంటే ఇక్కడివాళ్లు చెప్పే పీయూసీ, చదివేదాన్ని. ఒకరోజు సాయంత్రం బస్సు దారిలో చెడిపోయి కురుగోడు చేరేసరికి ఎనిమిదయింది. మా క్యాంపుకు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. తారురోడ్డు మీదైతే చుట్టు తిరిగి పద్నాలుగు కిలోమీటర్లు, గట్టు మీదైతే తొమ్మిది. పుస్తకాలు గుండెలకు అదుముకుని గట్టు పట్టుకుని నడిచాను. ఇల్లు చేరేసరికి పదకొండు. వాకిట్లో పదిమంది ఉన్నారు. “ఎవరితో వచ్చావు?” అనేది వాళ్ల మొదటి ప్రశ్న. ఎవరితోనూ కాదన్నాను. వారం రోజులు అదే ప్రశ్న, వారం రోజులు అదే జవాబు. నాకు ఆ రాత్రి ఏమీ కాలేదు. ఆ ఒక్కమాటే ఎవరూ నమ్మలేదు. మా నాన్న చదువు మాన్పించేశారు. రెండేళ్లు ఇంట్లో కూర్చుని, తర్వాత ప్రైవేటుగా పరీక్ష రాసి, ఐటీఐలో నక్షాలు గీయడం నేర్చుకుని, ఇప్పుడు బళ్లారిలో ఒక సర్వే ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. ఊరందరి పొలాల హద్దులూ గీస్తాను. నా సొంతానికి ఒక్క గీత గీసుకున్నది లేదు. అందుకే ఈ నడక మళ్లీ నడవాలనుకున్నాను, ఈసారి చేతిలో నోటుపుస్తకంతో. ఇప్పుడు నాకు నలభై ఒకటి.

జనవరి ఆఖరి వారంలో ఒక శనివారం చూసుకున్నాను. పున్నమి దాటి నాలుగు రోజులైంది, చంద్రుడు తొమ్మిదిన్నర తర్వాత గానీ రాడు. మొదటి సగం చీకట్లో నడవాలన్నది నా లెక్క. బళ్లారి బస్టాండు నుంచి కురుగోడుకు అరగంటకో బస్సు ఉంటుంది, ప్రయాణం గంట లోపే. కర్ణాటక ఆధార్ కార్డు ఉన్న ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో ఉచితం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకుంటే కండక్టరుతో మాట పడాల్సిన పని ఉండదు. ఐదు గంటల బస్సెక్కాను. దారి పొడవునా రెండువైపులా మిరప కళ్లాలు. ఎండబోసిన మిరపకాయలు పొద్దు వాలేవేళ ఎర్రగా మెరుస్తూ, కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సులో సగంమంది తుమ్ముతున్నారు. మా వదినకు ఫోన్ చేసి రాత్రికి వస్తున్నానని చెప్పాను. ఎలా వస్తున్నానో చెప్పలేదు.

కురుగోడులో ఆరింటికి దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ ప్రాంతంలో ఉగ్గాని అంటే బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, తాలింపు పెట్టినది. రెండూ కలిపి యాభై రూపాయల్లోపే, కడుపు నిండుతుంది. హోటలావిడ సీసాలో నీళ్లు నింపిస్తూ, “యాడికి పోవాలక్కా?” అంది.

“తొమ్మిదో తూము క్యాంపుకు.”

“బస్సు పాయె గదా?”

“నడిచి పోతాను. గట్టు మీద.”

ఆమె బయటికి చూసి, ఆటో దగ్గర నిలబడ్డ మనిషిని కేకేసింది. “బాషన్నా, ఈ యక్కను క్యాంపుకు దింపి రా!” నేను అడగలేదు, ఆమె ఆగలేదు. బాషా అనే ఆ ఆటో ఆయనకు యాభై దాటి ఉంటాయి. “మూడు వందలయితాది మేడమ్, మీరు రెండు వందలియ్యండి,” అన్నాడు. నాకు ఆటో వద్దన్నాను. నూటయాభై అన్నాడు. డబ్బు కోసం కాదు, నడవడానికే వచ్చానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“సుమ్నె, ఊరికే నడుస్తారా? ఏమైనా మొక్కా?”

“మొక్కేం కాదు.”

“మరి ఎవురింటికి పోతాండారు?”

మా అన్నయ్య పేరు చెప్పాను. అదే నేను చేసిన తప్పు. “అయ్యో, నాకు తెలిసినాయనే గదా!” అని మెల్లగా నవ్వి ఊరుకున్నాడు.

ఏడున్నరకు కాలువ వంతెన దగ్గర తారురోడ్డు దిగి గట్టెక్కాను. ఎడమచేతి వైపు నీళ్లు, కుడిచేతి వైపు పొలాలు. నా వృత్తిలో దూరాన్ని అడుగులతో అంచనా వేయడం అలవాటు. వంద అడుగులకొకసారి మనసులో గీత గీసుకుంటూ పోతున్నాను. మూడొందల అడుగులు కూడా కాకముందే వెనక నుంచి వెలుతురు పడింది. నా నీడ తాటిచెట్టంత పొడుగై ముందు పరుచుకుంది. బాషా ఆటోను గట్టెక్కించి, నా వెనకే మెల్లగా నడుపుకుంటూ వస్తున్నాడు. ఆగాను. ఆటో ఆగింది. నడిచాను. ఆటో కదిలింది. మొదటి తూము దాకా అలాగే సాగింది. ఇంజను చప్పుడులో నీళ్ల చప్పుడు వినబడదు, ఆ లైటులో ఆకాశం కనబడదు. వెనక్కి వెళ్లి హ్యాండిల్ మీద చెయ్యి వేశాను.

“బాషన్నా, ఆ లైటు ఆర్పండి. నాకేమీ కనిపించడం లేదు.”

“లైటుంటేనే గదా మేడమ్ కనిపించేది?”

“మీకు నేను కనిపిస్తున్నాను. నాకు దారి కనిపించడం లేదు.”

ఆయన లైటార్పాడు. ఇద్దరం కాసేపు చీకట్లో ఉన్నాం. కళ్లు అలవాటుపడగానే గట్టు తెల్లటి పట్టీలా ముందుకు సాగి కనిపించింది. కాలువలో చుక్కలున్నాయి. “హౌదు,” అన్నాడు ఆయన నెమ్మదిగా. ఔనని. ఆ తర్వాత, “నా బిడ్డ గూడా బళ్లారిలో నర్సింగ్ చదువుతాంది. రాత్రి డూటీ ఏస్తే నాకు నిద్ర పట్టదు,” అన్నాడు. ఆమె భయపడుతుందా అని అడిగాను. “దానికేం భయం లే. భయమంతా నాదే,” అని నవ్వి, ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. మంచివాడే. కానీ మంచివాళ్ల లైటు కూడా కళ్లలోనే పడుతుంది.

ఆ తర్వాత గంటసేపు ఎవరూ లేరు. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను, రెండో తూము నుంచి నాలుగో తూము దాకా గట్టు వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. నాలుగు దాటాక కుడివైపు కాస్త కోసుకుపోయింది. కర్రతో నేల తట్టుకుంటూ నడవాలి. వరి నాటిన మళ్ల దగ్గర చల్లగా ఉండి, మిరపచేల దగ్గరికి రాగానే గాలి వెచ్చబడుతుంది. ఆ తేడాను పటంలో ఎలా చూపించాలా అని ఆలోచించాను. పేరు గురించీ ఆలోచించాను, తోచినప్పుడల్లా ఆగి టార్చి వేసి నోటుపుస్తకం తీశాను. “ఒంటరి నడక” అని రాసి కొట్టేశాను, జాలి అడుగుతున్నట్టుంది. “పదిహేడేళ్లప్పుడు” అని రాసి కొట్టేశాను, పాతఫొటో కింద రాసినట్టుంది. “నాకేమీ కాలేదు” అని రాసి చాలాసేపు చూశాను. అది ఇప్పటికీ ఆ వాకిట్లోని పదిమందికే జవాబు చెబుతోంది. నేను ఇంకా వాళ్లకు సంజాయిషీ ఇస్తున్నానా? దాన్ని రెండుసార్లు కొట్టేశాను.

ఐదో తూము దగ్గర గట్టు దిగువ నుంచి మాటలు వినిపించాయి. నేను ఆగాను. మాటలూ ఆగాయి. “ఎవురది?” అని ఒక గొంతు గట్టిగా అడిగింది. “ఆడమనిషినే అక్కా,” అన్నాను. ఒక ఫోను లైటు వెలిగి నా మొహం మీద పడి వెంటనే ఆరిపోయింది. ముగ్గురు ఆడవాళ్లు గట్టెక్కి వచ్చారు. ముందున్నామె ఈరమ్మ, యాభై పైనే ఉంటాయి. వెనక ఆమె కోడలు రేణుక, పొరుగింటి ఇంకొకామె. మిరపకాయలు బ్యాడగి మార్కెట్టుకు ఆ రాత్రే పోవాలట. సంచులు నింపి ట్రాక్టరుకు ఎత్తేసరికి ఎనిమిదిన్నర దాటింది. సంచులతో నిండిన ట్రాక్టరులో మనుషులకు చోటు లేదు. వాళ్ల ఊరు ఎనిమిదో తూము అవతల. నడుస్తున్నారు.

“నువ్వేంది మా, బండి దొరకలేదా?” అంది ఈరమ్మ.

“దొరికింది. వద్దన్నాను. ఈ నడకను పటంగా గీయాలని వచ్చాను.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని విరగబడి నవ్వారు. రేణుక నవ్వాపుకోలేక గట్టు మీద కూర్చుండిపోయింది. “మేము బండి లేక నడుస్తాంటే, నువ్వు బండి వద్దని నడుస్తాండావా!” అంది ఈరమ్మ. నాకు సిగ్గేసింది. ఇరవై నాలుగేళ్లుగా నేను మోస్తున్న రాత్రి వాళ్లకు వారంలో నాలుగు రోజుల దారి. వాళ్లను ఎవరితో వచ్చావని ఎవరూ అడగలేదు. వచ్చారో లేదో కూడా ఎవరూ అడగలేదు.

కలిసి నడిచాం. వాళ్ల నడక నాకంటే వేగం, నా అడుగుల లెక్క తప్పింది. తూముల నంబర్లు చెబితే రేణుకకు అర్థం కాలేదు. వాళ్ల గుర్తులు వేరు. ఆరో తూము “ఫోను పడిపోయిన తూము”, పోయినేడు రేణుక ఫోను కాలువలో పడింది అక్కడే. దాని పక్కన మెట్లు “కడుక్కునే మెట్లు”. పని నుంచి వచ్చేటప్పుడు చేతుల మంట తగ్గడానికి అక్కడ నీళ్లలో కాసేపు చేతులు ముంచి కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం. ఈరమ్మ తన అరచేతులు చూపించింది. చీకట్లో ఏమీ కనిపించలేదు, ముట్టుకుంటే వేడిగా తగిలాయి. మెట్లు దాటాక గట్టు కాస్త ఎత్తయిన చోట ఫోనుకు సిగ్నల్ వస్తుంది, అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేసి అన్నం వండి పెట్టమంటారు. దాని పేరు “అన్నం దిబ్బ”. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ దారినంతా కలిపి ఏమంటారు అని అడిగాను.

“పేరేముండాది? దావ. అంతే,” అంది ఈరమ్మ.

ఏడో తూము దాటి కొంత దూరం పోయాక చంద్రుడు పైకొచ్చాడు. ముందు గట్టుకు అడ్డంగా నల్లగా ఏదో కుప్ప కనిపించింది. కంప. నిలువెత్తు తుమ్మకంప, గట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఒకపక్క నీళ్లలోకి, ఒకపక్క చేలోకి వంగి ఉంది. ఈరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“మళ్లా ఏసినాడు. మూడుతూర్లు ఏసె. మూడుతూర్లు పీకితిమి. ఇది నాలుగు.”

“ఎందుకేస్తాడు?”

“మేము కాయలు దొంగిలిస్తామంట. పగలంతా ఆ కాయలే కోసేది మేము, రాత్రి దొంగిలించేదీ మేమేనంట. ఈ దావ లేకుంటే చుట్టు తిరిగి రోడ్డు మీద పోవాల. ఇంకా రెండు మైళ్లు.”

కుడివైపు చేను చూశాను. మోటారు షెడ్డు, దాని పక్కన నీళ్ల తొట్టి. ఆ తొట్టి అంచు మీద చిన్నప్పుడు మేకుతో నా పేరు చెక్కాను. అక్కడ చెప్పకుండా ఊరుకోవచ్చు. వాళ్లకు నేనెవరో తెలియదు, ఇంకో అరగంటలో వాళ్ల దారి వాళ్లది.

“ఇది మా అన్నయ్య చేను,” అన్నాను.

రేణుక అత్తను చూసింది. ఈరమ్మ తల మీది గుడ్డ విప్పి చేతికి చుట్టుకుంటూ, “తెలుసులే మా. లైటేసినప్పుడే నీ మొగం జూస్తిని, అంతా మీ నాయన మొగమే. సెప్తావో సెప్పవో అని జూస్తాండాం,” అంది.

నేను వెళ్లి కంప మొదలు పట్టుకుని లాగాను. మొదటి లాగుడుకే ముల్లు అరచేతిలో దిగింది. ఈరమ్మ తిట్టి, తన కొంగు చించి చేతికి చుట్టింది. ఎలా లాగాలో చూపించింది. కొమ్మను కాదు, మొదట్లో కాలుపెట్టి నొక్కి, కర్రతో పైకెత్తి దొర్లించాలట. నలుగురం కలిసి ఒక్కో మండా గట్టు దిగువకు దొర్లించాం. పావుగంట పట్టింది. ఆఖరి మండ కదులుతుండగా క్యాంపు వైపు నుంచి మోటార్ సైకిల్ లైటు వచ్చి మా మీద పడింది.

మా అన్నయ్య. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆటో బాషా ఫోన్ చేశాడట, పది దాటినా నేను రాకపోయేసరికి బయల్దేరాడట. బండి ఆపకుండానే, “నీకేమైనా మతిపోయిందా? ఎక్కు,” అన్నాడు. తర్వాత కంప చూశాడు. “ఏం ఈరమ్మా, మళ్లీ పీకారా?”

“నేను పీకాను అన్నయ్యా,” అన్నాను.

“అందరం పీకితిమప్పా,” అంది ఈరమ్మ. “సుమ్నె ఆయమ్మ ఒక్కదాని మీదికి పెట్టొద్దు. తెల్లారితే మళ్లా పనికి పోవాల మేము. నీ చేనికే.” ఆమె గొంతు పెంచలేదు. కర్ర భుజాన వేసుకుని మా అన్నయ్య బండి పక్కనుంచే నడిచిపోయింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్లారు. పోతూ పోతూ రేణుక నా భుజం మీద ఒక్క దెబ్బ వేసింది.

మేమిద్దరం మిగిలాం. ఎక్కమని ఇంకోసారి అన్నాడు. ఎక్కనన్నాను. నలుగురూ ఏమనుకుంటారన్నాడు. నలుగురూ అనుకున్నదానికి రెండేళ్ల చదువు కట్టానన్నాను. ఎన్ని కాయలు పోయాయి ఇప్పటిదాకా అని అడిగాను. మళ్లీ అడిగాను. “ఏమీ పోలేదు,” అన్నాడు. బండి ఆపి, స్టాండు వేసి, కాలువ వైపు తిరిగాడు.

“నీకో సంగతి తెలియదు,” అన్నాడు. “ఆ రాత్రి నేనూ ఈ గట్టు మీదే వచ్చాను. కురుగోడులో సినిమాకెళ్లి. నువ్వొచ్చిన రెండు గంటలకి.”

నాకు మొదట అర్థం కాలేదు. ఆ రాత్రి నేను వంటింట్లో గోడకానుకుని కూర్చుని ఉన్నాను. బయట ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో నాకు తెలియదు.

“నిన్నెవరూ ఏమీ అడగలేదా?”

“అడిగారు,” అన్నాడు. “సినిమా బాగుందా అని.”

అప్పుడు నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నవ్వు వచ్చింది, అదీ మంచి నవ్వు కాదు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే ఏమయ్యేది అన్నాడు. నా చదువు ఆగకుండా ఉండేదేమో అన్నాను. ఆ మాటకు వాడు తల ఎత్తలేదు. నేను ఓదార్చలేదు. అది నా పని కాదు.

“రేపు మళ్లీ కంప వేస్తావా?”

“ఏమో.”

“వేసుకో. నా పటంలో కంపను కూడా గీస్తాను. సర్వే నంబరుతో సహా.”

వాడు బండెక్కి క్యాంపు వైపు వెళ్లిపోయాడు. నేను మిగిలిన దూరం నడిచాను. పదకొండుంబావుకు వాకిలి చేరాను. వదిన అన్నం పెట్టి, చేతిలో ముల్లు సూదితో తీసింది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిది గంటల బస్సుకు బళ్లారి వచ్చేశాను. పటం గీయడానికి మూడు ఆదివారాలు పట్టింది. పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒకరోజు ఆఫీసులో పాత దస్తావేజు ఒకటి నకలు తీస్తున్నాను. రెండు పొలాల మధ్య దారి తగాదా. మా దగ్గర అలాంటివి నెలకు రెండు మూడు వస్తాయి. హద్దురాళ్లు లేకపోయినా, కాగితం మీద దారి లేకపోయినా, జనం ఏళ్ల తరబడి నడుస్తున్నారని తేలితే దాన్ని కన్నడంలో రూఢి దారి అని రాస్తారు. తెలుగులో వాడుక దారి అంటాం. దాన్ని పొలం యజమాని తనంతట తాను మూసేయడానికి వీల్లేదు. ఎన్నిసార్లు ఆ మాట రాశానో నాకే తెలియదు. ఆ రోజు పెన్ను పక్కన పెట్టేసి, ఇంటికి వచ్చి, పటం పైన పెద్ద అక్షరాలతో రాశాను: “ఆడవాళ్ల వాడుక దారి. కురుగోడు వంతెన నుంచి తొమ్మిదో తూము వరకు. రాత్రి.”

మాస్టారికి నచ్చలేదు. “ఇది తాలూకా ఆఫీసు మాటమ్మా, కళ ఏది ఇందులో?” అన్నారు. కళ కింద ఉంది, పైన ఉన్నది నిజం, దాన్ని మార్చను అన్నాను. అలాగైతే ఆహ్వానపత్రంలో వేయనన్నారు. వేయొద్దన్నాను. రెండు రోజులు చూసి, చివరికి వేశారు. మా అన్నయ్య ఎవరి దగ్గరో విని ఫోన్ చేశాడు. “ఆ పేరేంటే, కోర్టు నోటీసులాగా!” అన్నాడు. “అందుకే పెట్టాను,” అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఇది రాస్తున్న రోజుకు గట్టు మీద కంప లేదని రేణుక చెప్పింది. రేపటి సంగతి ఎవరికి తెలుసు?

పటం నకలొకటి తీసుకుని ఈరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు చదవడం రాదు. కోడలు ఒక్కో పేరూ చదివి చెబుతుంటే వేలితో దారి వెంట పోయింది. ఫోను పడిపోయిన తూము దగ్గర నవ్వింది. కడుక్కునే మెట్ల దగ్గర తల ఊపింది. కంప దగ్గర వేలు ఆగింది.

“ఇది కంపనా?”

“ఔను.”

“బాగుండాది. పీకినట్టు గూడా గీయి.”

అక్కడే కూర్చుని ఆ గీతను చెరిపి, పక్కకు దొర్లించి గీశాను.

ఆ గట్టు మీద నేను మొదటిదాన్ని కాను, ఒంటరిదాన్నీ కాను. అది తెలుసుకోవడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది. పదిహేడేళ్లప్పుడు నన్ను నిలబెట్టి అడిగినవాళ్లు ఆ దారి ఎవరిదో తమకు తెలుసనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అందుకే అంత భయపడ్డాను, ఆ తర్వాత అంత కోపం పెంచుకున్నాను. నడిచేవాళ్లదే దారి అని గొప్పగా చెప్పడం తేలిక. ఆ మాట నిజం కావాలంటే ఎవరో ఒకరు రోజూ నడవాలి. నేను ఇరవై నాలుగేళ్లలో రెండుసార్లు నడిచాను. వాళ్లు రేపు కూడా నడుస్తారు. పటం మీద నా పేరు కింద మూలన చిన్నగా ఉంది, పైన ఉన్న పేరు వాళ్లది. మీరూ మీ ఊళ్లో ఇలాంటి రాత్రి నడక ఒకటి పెట్టుకుంటే నీళ్లసీసా, కర్ర, టార్చి ఎలాగూ తీసుకెళ్తారు. వాటితోపాటు ఒక జత మందపాటి తోలు చేతితొడుగులు కూడా సంచిలో వేసుకోండి. కంప ఎవరి చేను దగ్గర అడ్డొస్తుందో ముందుగా తెలియదు.